"నీళ్ళు తియ్యి": పాతూరి కోసం మూడు నెలలు క్యూజీఐఎస్ వాడాక

మా ఇంట్లో సొంతూరిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. పేరు చెబితే వినేవాళ్ళు, ఊరు మునిగాక రోడ్డు పక్కన కట్టుకున్న కాలనీ అనుకుంటారు. అందుకని "పాతూరు" అంటాం. శ్రీశైలం డ్యాము వెనక నీళ్ళలో ఉంది అది. 1981లో ఊరు ఖాళీ చేయించినప్పుడు నాకు నాలుగేళ్ళు. ఎడ్లబండి మీద తిరగేసి పెట్టిన మంచం, దాని నాలుగు కోళ్ళ మధ్య కూర్చున్న నేను, ఇంతవరకే గుర్తు. అది కూడా నిజంగా గుర్తుందా, అమ్మ చెప్పగా చెప్పగా గుర్తయిందా అంటే చెప్పలేను.

పోయిన సంక్రాంతికి నాయన అడిగాడు. "బడిలో పిల్లోళ్ళకు మ్యాపులు చెప్తావు గదమ్మా, మన పాతూరు యాడుందో ఫోన్లో చూపీ."

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఫోన్లో మ్యాప్ తెరిచి చూపించాను. అంతా నీలం. నాయన ఆ నీలం మీద వేలితో రెండుసార్లు గీకాడు, కింద ఏమైనా ఉందేమో అన్నట్టు. తర్వాత ఫోన్ నాకిచ్చేసి టీవీ పెట్టుకున్నాడు. ఆ గీకడం చూశాక నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

అలా మొదలైంది. పాత పటాన్ని ఇవాళ్టి డిజిటల్ మ్యాప్ మీద సరిగ్గా పరిచే సాఫ్ట్‌వేర్ల కోసం వెతికి, రెండు మూడు వాడి వదిలేసి, చివరికి క్యూజీఐఎస్ దగ్గర ఆగాను. మూడు నెలలు వాడిన అనుభవంతో రాస్తున్న రివ్యూ ఇది. నాకు కంప్యూటర్ అంటే మార్కుల జాబితాలు టైప్ చేసేంతే వచ్చు. ఆ లెక్కన చదువుకోండి.

మొట్టమొదట నేను చేసిన పని డబ్బులు కట్టడం. పాత పటాలను నేటి మ్యాప్ మీద చూపిస్తామనే ఒక యాప్, నెలకు నాలుగొందల చిల్లర. పేరు రాయను. చూడ్డానికి పెళ్ళిపత్రికలా ఉంది, పాత కాగితం రంగు, బంగారు అంచులు. మా జిల్లా దగ్గరికి వెళ్తే దక్కను మొత్తానికి వేసిన ఒక చిన్న పటాన్ని సాగదీసి పరిచారు. అందులో కర్నూలు తుంగభద్రకు అవతలి ఒడ్డున ఉంది. సర్లే, పాతకాలం పటం గదా అనుకోవచ్చు. కానీ ఎంత తేడా ఉందో ఎక్కడా ఒక్క మాట లేదు. తప్పుందన్న సంగతి కర్నూల్లో పుట్టి పెరిగినవాళ్ళకు తెలుస్తుంది, మిగతావాళ్ళు అదే నిజమనుకుంటారు. నెల తిరక్కుండా ఆపేశాను.

ఇంతకీ మనకు కావలసిన పటం ఎక్కడ దొరుకుతుంది? మా అదృష్టం, అది అమెరికాలో ఉంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పెర్రీ కాస్టానెడా లైబ్రరీ మ్యాపుల సేకరణ ఉంది. 1950ల్లో అమెరికా సైన్యం మ్యాప్ విభాగం భారతదేశానికి, పాకిస్తాన్‌కు వేసిన 1:2,50,000 స్కేలు పటాలు, యూ502 సిరీస్ అంటారు, అక్కడ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. వాటికి ఆధారం మన సర్వే ఆఫ్ ఇండియా పటాలే. షీటు అంచుల్లో ఏ పటాల నుంచి కూర్చారో రాసి ఉంటుంది, ముందు అది చదవండి. శ్రీశైలం డ్యాముకు శంకుస్థాపన జరిగింది 1963లో. అంటే ఆ పటాల్లో కృష్ణ ఇంకా కృష్ణలాగే ఉంది. సన్నగా, ఇసుక మేటలతో, రెండు ఒడ్డుల వెంబడీ చిన్న చిన్న సున్నాల్లా ఊళ్ళు.

ఆ షీటును ముందు గూగుల్ ఎర్త్ ప్రోలో పెట్టాను. 2015 నుంచి అది ఉచితం. ఇమేజ్ ఓవర్‌లే అని ఒక ఆప్షన్ ఉంది. పటం బొమ్మను తెచ్చి పెట్టి, అంచుల్లో కనిపించే ఆకుపచ్చ గీతలు పట్టుకుని లాగుతూ, తిప్పుతూ, కింది ఉపగ్రహ చిత్రానికి సరిపడేలా సర్దుకోవాలి. గంటలో అయిపోయింది. పక్కనే ఒక స్లైడర్ ఉంటుంది. అటు జరిపితే పాత పటం పలచబడి నేటి నీళ్ళు కనిపిస్తాయి, ఇటు జరిపితే నీళ్ళు పోయి పాత పటం వస్తుంది.

నాయనను పిలిచి చూపించాను. స్లైడర్ మెల్లగా జరుపుతుంటే ముందుకు వంగాడు. నీలం కింద నుంచి సన్నటి నది, ఊళ్ళ సున్నాలు ఒక్కొక్కటే తేలుతున్నాయి.

"ఇంకా తియ్యి" అన్నాడు.

"ఏంది నాయనా?"

"నీళ్ళు. ఇంకొంచెం తియ్యి."

అప్పటి నుంచి మా ఇంట్లో ఆ స్లైడర్ పేరు "నీళ్ళు తీసేది". ఆయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఊళ్ళ పేర్లు నేను చదివాను. తెల్లవాళ్ళ స్పెల్లింగులో ఉన్నవి నేను ఒక రకంగా పలికితే, ఆయన దిద్ది, దాంతోపాటు ఆ ఊరి సంగతి చెప్పేవాడు. ఇది మా మేనత్తను ఇచ్చిన ఊరు. ఇక్కడ తిరణాలకు పోయి నేను తప్పిపోయినా. ఈడ నీళ్ళు ఉప్పగా ఉంటాయి. రాత్రి పదకొండయింది. అమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచి, మూడోసారి కంచం అక్కడికే తెచ్చిపెట్టింది.

సరదాగా చూసుకోడానికి అయితే ఇక్కడితో ఆపొచ్చు. నిజంగా చెబుతున్నా, చాలామందికి గూగుల్ ఎర్త్ ప్రో చాలు. కానీ దాంతో పటాన్ని పెంచడం, తగ్గించడం, తిప్పడం తప్ప, ఒకచోట కుదించి ఇంకోచోట సాగదియ్యడం కుదరదు. నేను కొల్లాపురం సరిపెడితే వనపర్తి పక్కకు జరిగింది. వనపర్తి సర్దితే కొల్లాపురం పోయింది. మంచానికి చాలని దుప్పటి సంగతే. పైగా నాయన అప్పటికే తర్వాతి ప్రశ్న వేసేశాడు: "నీళ్ళు దిగినప్పుడు పోతే, సరిగ్గా మన ఇల్లు కాడ నిలబడొచ్చునా?"

అక్కడే క్యూజీఐఎస్ అవసరం పడింది.

ఇది 2002లో మొదలైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. పైసా కట్టనక్కర్లేదు. దించుకోడానికి ఒక జీబీ పైనే డేటా కావాలి, కాబట్టి వైఫై ఉన్నచోట కూర్చోండి. తెరవగానే బటన్లు చూసి భయపడతారు. నేనూ భయపడ్డాను. అందులో మనకు కావలసింది జియోరెఫరెన్సర్ అనే ఒక్క కిటికీ. పాత వీడియోల్లో అది రాస్టర్ మెనూలో ఉంటుంది, కొత్త వెర్షన్లలో లేయర్ మెనూలో ఉంది. ఈ ఒక్క ముక్క తెలియక నాకు ఒక సాయంత్రం పోయింది. మీకు పోకూడదని రాస్తున్నాను.

పని ఏమిటో ఆడవాళ్ళకు ఒక్క మాటలో చెప్పొచ్చు. టైలరు ఆది జాకెట్టును కొత్త గుడ్డ మీద పరిచి, భుజం దగ్గర ఒక గుండుసూది, చంక దగ్గర ఒకటి, నడుం దగ్గర ఒకటి గుచ్చుతాడు చూడండి, అదే. పాత పటంలో ఒకచోట చుక్క పెట్టి, అదే చోటు నేటి మ్యాప్‌లో ఎక్కడుందో చూపించాలి. అలా కొన్ని గుండుసూదులు గుచ్చాక సాఫ్ట్‌వేర్ మిగతా గుడ్డంతా వాటికి తగ్గట్టు సాగదీసి పరుస్తుంది. వీటిని కంట్రోల్ పాయింట్లు అంటారు. నేను సూదులనే అంటాను.

సూది ఎక్కడ గుచ్చాలన్నదే అసలు విద్య. ఊరి సున్నా మీద గుచ్చకూడదు, ఎందుకంటే ఆ సున్నా ఊరికి నడుమ పెట్టారో, గుడి దగ్గర పెట్టారో తెలియదు. ఊరు కూడా అరవై ఏళ్ళలో రోడ్డు వైపు పాకి ఉంటుంది. నది వంపు మీద అసలే వద్దు. రోడ్లు కలిసే చోట్లు, చెరువు కట్ట చివర్లు, రైలు గీత, కొండ కొన మీద సర్వే వాళ్ళు వేసిన త్రికోణం గుర్తు, ఇవి కదలవు. మా వైపు కర్నూలు-కడప కాలువ, కేసీ కాలువ అంటాం, ఉంది, 1860ల్లో తవ్వింది, బంగారంలాంటి ఆధారం. కానీ మాకొక చిక్కు వచ్చింది. ఈ సిరీస్‌లో సరిగ్గా 16 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక షీటు అయిపోయి ఇంకోటి మొదలవుతుంది. కాలువ, రైలు, కర్నూలు, నందికొట్కూరు అన్నీ కింది షీటులో. మా పాతూరు పై షీటులో. పెళ్ళివాళ్ళు ఒక బస్సులో, పెళ్ళికొడుకు ఇంకో బస్సులో ఎక్కినట్టయింది. పై షీటుకు కొల్లాపురం, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు రోడ్ల కూడళ్ళు, నల్లమల కొండ కొనలు వెతికి 14 సూదులు గుచ్చేసరికి వారం పట్టింది.

ఇంతకంటే సులువు దారి ఒకటుంది. షీటు మీద అక్షాంశ రేఖాంశాలు గీసి అంకెలు వేసే ఉంటాయి గదా, అవి కలిసే చోట సూది గుచ్చి అంకెలు టైప్ చేయడమే. మొదట అదే చేశాను. 16 అని టైప్ చేసి, 78 అని టైప్ చేసి, ఓకే కొట్టాను. మా జిల్లా మాయమైంది. వెతగ్గా వెతగ్గా ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ దీవుల మీద దొరికింది. క్యూజీఐఎస్ ముందు తూర్పు అంకె అడుగుతుంది, తర్వాత ఉత్తరం. నేను బడిలో చెప్పే అలవాటు కొద్దీ అక్షాంశం ముందు కొట్టాను. 78 డిగ్రీల ఉత్తరం, 16 డిగ్రీల తూర్పు అంటే సరిగ్గా ధ్రువపు ఎలుగులు తిరిగే చోటు. ఇన్నేళ్ళుగా గ్లోబు తిప్పుతున్న సోషల్ టీచర్ని. తలుపు గడియ పెట్టుకుని నవ్వుకున్నాను.

సరిగ్గా కొట్టినా ఇంకో తేడా మిగులుతుంది. మన పాత పటాలు 1830 నాటి ఎవరెస్ట్ అనే సర్వే అధికారి లెక్క ప్రకారం భూమి ఆకారాన్ని తీసుకుని గీసినవి. ఫోన్లోని జీపీఎస్ వాడేది వేరే లెక్క. మా ప్రాంతంలో ఆ రెండింటి మధ్య వంద మీటర్ల పైన తేడా వస్తుంది. 1:2,50,000 పటంలో అది అర మిల్లీమీటరు. పటానికి అది లెక్కలోకి రాదు. ఇల్లు వెతికేవాళ్ళకు మాత్రం నాలుగు వీధుల దూరం.

ఇక నాకు ఈ సాఫ్ట్‌వేర్‌లో బాగా నచ్చిన చోటికి వస్తాను. సూదులన్నీ గుచ్చాక కింద ఒక పట్టీ వస్తుంది. ఒక్కో సూదికి ఎదురుగా అది ఎన్ని పిక్సెళ్ళు పక్కకు పోయిందో వేస్తుంది. చివర సగటు తప్పు ఒక అంకె. నేను దించుకున్న స్కానులో ఒక పిక్సెల్ అంటే నేల మీద సుమారు 20 మీటర్లు. నాకు వచ్చిన సగటు 9. అంటే 180 మీటర్లు. ఎవరూ అడక్కుండానే తన తప్పు తను రాసి చూపించే సరుకు బజార్లో ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? బంగారు అంచుల యాప్‌కు నెలకు నాలుగొందలు కట్టాను, ఆ ఒక్క అంకె ఇవ్వలేదు.

కాకపోతే ఇక్కడే ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను. మొదటి రోజు మూడే సూదులు గుచ్చి చూస్తే తప్పు సున్నా వచ్చింది. ఎగిరి గంతేశాను. మా అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను కూడా. తర్వాత అర్థమైంది, పాలినోమియల్ వన్ అనే మామూలు పద్ధతికి మూడు సూదులు కనీసం కావాలి, సరిగ్గా మూడే ఇస్తే ఆ మూడింటికీ అతికినట్టు పటం కూర్చుంటుంది, సరిచూడ్డానికి నాలుగోది లేదు కాబట్టి తప్పు కనిపించదు. ముగ్గురు సాక్షులు ముందే కూడబలుక్కున్నట్టు. నాలుగో సూది గుచ్చగానే సున్నా పోయి అసలు రంగు బయటపడుతుంది. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే ఇంకో పద్ధతి ఉంది, అది ఎన్ని సూదులు గుచ్చినా ప్రతిదాని దగ్గరా సున్నానే చూపిస్తుంది, ఎందుకంటే గుడ్డను ఎంతైనా మెలిపెట్టి సూదికి చేరుస్తుంది. నలిగిన కాగితాలకు అది పనికొస్తుంది గానీ, సూదులు లేని అంచుల్లో ఏం చేస్తుందో నేను చూశాను. మా కృష్ణ ఒడ్డు జంతికలా మెలి తిరిగింది.

ఇంత చేసినా 1:2,50,000 పటంలో మా ఊరు ఆవగింజంత. పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద పావు కిలోమీటరు. ఇల్లు దొరకదు. అప్పుడు నాయన బీరువా మీది ట్రంకు పెట్టె దించమన్నాడు. నష్టపరిహారం కాగితాల కట్టలో, ఎన్ని మడతలో లెక్కలేని ఒక జిరాక్సు. ఊరి నక్ష. సర్వే నంబర్లతో, పొలిమేరతో, వంకతో, బండిబాటతో, నడుమ ఇళ్ళుండే గ్రామకంఠంతో. స్కేలు 1:7,920, అంటే ఎనిమిది అంగుళాలకు ఒక మైలు. నలభై ఏళ్ళుగా ఆయన దగ్గరే ఉంది. "అడిగితే ఇచ్చేవాణ్ణి గదా" అన్నాడు. ఉన్న సంగతి తెలిస్తే కదా అడగడానికి!

దాన్ని స్కాన్ చేయించడం ఒక కథ. షాపతను నాలుగు ముక్కలుగా స్కాన్ చేసి, అందంగా ఉండాలని అంచులు కత్తిరించి ఇచ్చాడు. ఆ అంచుల్లోనే స్కేలు గీత ఉంది, రెండు పక్క ఊళ్ళ పేర్లు ఉన్నాయి. మళ్ళీ వెళ్ళి, పక్కనే నిలబడి, "కత్తిరించొద్దు, మరకలు తుడవొద్దు, ఉన్నది ఉన్నట్టు" అని చేయించాను. మీరూ అలాగే నిలబడండి. 200 డీపీఐ, అంటే అంగుళానికి 200 చుక్కలు, చాలు. ఆ స్కేలుకు ఆ డీపీఐలో ఒక పిక్సెల్ అంటే నేల మీద ఒక మీటరు, లెక్క నోటితో చెప్పుకోవచ్చు.

నక్షకు సూదులు ఎక్కడ గుచ్చాలి, ఊరంతా నీళ్ళలో ఉంటే? డ్యాము నిండు మట్టం 885 అడుగులు, మా వైపు పిల్లలకు కూడా నోటికొచ్చే అంకె. ఊరి పొలాల్లో పైమెట్టన ఉన్నవి కొన్ని ఆ మట్టానికి పైన మిగిలాయి. పక్కూరి పొలిమేర కూడా. ఉపగ్రహ చిత్రంలో ఆ గట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. నక్షలో గట్టు విరిగిన మూల, చిత్రంలో అదే మూల. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోటు ఒకటి దొరికింది, అక్కడ గుచ్చిన సూది మీద నాకు అన్నిటికంటే నమ్మకం. మొత్తం 9 సూదులు, సగటు తప్పు 11 పిక్సెళ్ళు. పదకొండు మీటర్లు! కానీ తొమ్మిదీ ఊరికి దక్షిణాన, పైమెట్టన. నది వైపు ఒక్కటీ లేదు. జాకెట్టుకు ఒక భుజం దగ్గరే సూదులన్నీ గుచ్చి రెండో చెయ్యి వేలాడదీసినట్టు. ఆ పదకొండు అంకె సూదులున్న చోటికే వర్తిస్తుందని సాఫ్ట్‌వేర్ చెప్పదు, మనమే తెలుసుకోవాలి.

ఏప్రిల్ చివర నీళ్ళు బాగా దిగాయి. సంగమేశ్వరం గుడి బయటపడింది, జనం వెళ్తున్నారు అని తెలిసి మేమూ బయల్దేరాం. నేను, తమ్ముడు, నాయన. ఫోన్లో క్యూఫీల్డ్ అనే యాప్ వేసుకున్నాను, క్యూజీఐఎస్‌లో చేసిన పటాలను అది ఫోన్లోకి తెచ్చి ఇంటర్నెట్ లేకుండా చూపిస్తుంది, మనం ఉన్నచోట నీలం చుక్క పెడుతుంది. నాయన మోకాళ్ళకు ఆ నడక కుదరదు. ఒడ్డున వేపచెట్టు కింద ఆటోలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, ఆయన ఫోన్ ఆయన చేతికిచ్చి మేం దిగాం.

నల్లటి ఒండ్రు, ఎండి పగిలి, పలకలు పలకలుగా. కాలు పెడితే కొన్ని నిలబడతాయి, కొన్ని బిస్కెట్టులా విరుగుతాయి. ఎక్కడ చూసినా నత్తగుల్లలు. దిగిన నేలలో ఎవరో జొన్న వేసి కోసుకున్నారు, మొదళ్ళు చెప్పుల్లోంచి గుచ్చుకుంటున్నాయి. నీలం చుక్క మెల్లగా పొలాల మీదుగా, ఒక్కో సర్వే నంబరు దాటుకుంటూ వెళ్తోంది. మా నాలుగెకరాల అరవై సెంట్లు దాటింది. తమ్ముడు ఆగి అటూ ఇటూ చూశాడు. ఏమీ లేదు, మొదళ్ళే. చుక్క గ్రామకంఠంలోకి వచ్చింది. అక్కడా మొదళ్ళే. రాయి లేదు, గోడ లేదు.

నాయనకు ఫోన్ చేశాను. రెండు గీతల సిగ్నల్.

"వచ్చేసినాం నాయనా, ఊళ్ళోనే ఉన్నాం. ఏమీ లేదు."

"వంక దాటినారా?"

"పటంలో దాటేసినాం."

"పటం కాదు, కాళ్ళతో దాటినారా?"

లేదు. ముందు డెబ్భై అడుగుల దూరంలో చిన్న పల్లం, తుమ్మకంప పట్టి ఉంది. అదా వంక? దిగి ఎక్కాం. ఎక్కగానే కాళ్ళ కింద నేల మారింది. ఒండ్రు కింద నుంచి చెక్కిన రాళ్ళు తేలి ఉన్నాయి, వరసగా. పునాదులు. పగిలిన రోలు ఒకటి బోర్లా పడి ఉంది. ఇంకొంచెం ముందు గుండ్రంగా బండలు పరిచిన అంచు, లోపల అంచు దాకా మన్ను పూడిపోయి. బావి. గిలకకు నిలబెట్టిన రెండు రాతి స్తంభాల్లో ఒకటి విరిగిపోయింది, ఒకటి నిలబడి ఉంది.

"పడమటి స్తంభమా, తూర్పుదా నిలబడింది?" అని నాయన.

"పడమటిది."

"లోపలి పక్క తాడు ఒరుసుకున్న గాడి ఉంటాది చూడు."

ఉంది. నా చూపుడు వేలు సరిగ్గా పట్టింది అందులో. లోపల నున్నగా ఉంది. ఈ మాట చెబితే అవతల నుంచి ఏమీ వినపడలేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను. పోలేదు. కాసేపటికి "మంచినీళ్ళ బావి అది" అన్నాడు.

బావి పక్కనే నిలబడి క్యూఫీల్డ్‌లో చుక్క పెట్టి, తెలుగులోనే "బావి" అని టైప్ చేశాను. నక్ష చూపించిన బావికి, నేను నిలబడిన బావికి 70 మీటర్ల తేడా ఉంది. ఇంటికొచ్చాక దాన్ని పదో సూదిగా గుచ్చాను, నది వైపు మొదటిది. పటం కొంచెం తిరిగి కూర్చుంది. సగటు తప్పు 11 నుంచి 14కి పెరిగింది. తెలిసినవాళ్ళెవరైనా చూస్తే ఆ సూది తీసెయ్, అంకె తగ్గుతుంది అంటారేమో. వేలు పెట్టి చూసిన బావిని తీసేస్తానా?

రివ్యూ అన్నాక మార్కులు వేయాలి గదా. క్యూజీఐఎస్ జియోరెఫరెన్సర్‌కు నేను అయిదుకు నాలుగున్నర వేస్తాను. ఆ అర తగ్గించింది కొత్తవాళ్ళను ఆ బటన్ల అడవిలో వదిలేసినందుకు. క్యూఫీల్డ్‌కు అయిదు. గూగుల్ ఎర్త్ ప్రోకు నాలుగు, ఇంట్లో పెద్దవాళ్ళ ముందు పెట్టి మాట్లాడించడానికి దాన్ని మించింది లేదు. కంప్యూటర్‌లో ఏదీ ఎక్కించుకోలేమనేవాళ్ళకు మ్యాప్ వార్పర్ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది, అక్కడా సూదుల పద్ధతే, తప్పు అంకె కూడా చూపిస్తుంది. సొంత కాగితాలైతే మాత్రం అక్కడ పెట్టకండి, అందరికీ కనిపిస్తాయి. ఇప్పుడున్న ఊళ్ళకైతే ఆంధ్రప్రదేశ్‌లో భూమి రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో గ్రామ నక్ష, ఒక్కో సర్వే నంబరు కొలతల పటం (ఎఫ్ఎంబీ) దొరుకుతాయి. హైదరాబాదు వాళ్ళకు మా అంత కష్టం లేదు. 1908 మూసీ వరద తర్వాత, 1912 నుంచి 1915 వరకు లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరానికి వేసిన సర్వే పటాలున్నాయి, పెద్ద స్కేలువి. పాతబస్తీలో తాతల ఇల్లు వెతికేవాళ్ళు అక్కడ మొదలుపెట్టండి. చార్మినార్ ఉండగా సూదికి చోటు వెతుక్కోవాలా?

జాగ్రత్త ఒకటి. సూదుల పట్టీని పాయింట్స్ ఫైలుగా సేవ్ చేసుకోవచ్చు, తప్పక చేసుకోండి, రెండు చోట్ల. నేను మొదటి 14 సూదులు సేవ్ చేయకుండా కరెంటు పోగొట్టుకున్నాను. లాప్‌టాప్ బ్యాటరీ పాతది, తప్పు నాదే. మళ్ళీ వారం.

ఇప్పుడు స్లైడర్ నాయన చేతిలోనే ఉంది. మౌస్ వాడడు, చూపుడు వేలితో టచ్‌ప్యాడ్ మీద జరుపుతాడు. ఆదివారాలు కాలనీ నుంచి ఎవరో ఒకరు వస్తున్నారు, చొక్కా జేబులో మడిచిన కాగితంతో. పోయిన వారం నది అవతలి ఒడ్డున మునిగిన ఊరాయన వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో నక్ష తెచ్చాడు, మా దానికంటే నలిగింది, పై అంచు చెదలు తిన్నది. సాయంత్రం దాకా కూర్చున్నాం. ఆయన ఊరు మొత్తం 885 కింద పోయింది, పైమెట్ట కూడా మిగల్లేదు. ఎంత వెతికినా ఇప్పటికి మూడు సూదులే దొరికాయి. తప్పు సున్నా చూపిస్తోంది. ఆయన సంతోషంగా ఉన్నాడు, వచ్చే ఆదివారం నాలుగోది వెతుకుదామని మాత్రం చెప్పి పంపాను.